రావడానికి ముందు రెండు గంటలు

"ఇవాళ నీకు హాయి. కుర్చీలో కూర్చుని ముఖానికి ఫొటో తీయించుకుని రావడమేగా," అన్నారు మా ఆయన, ఇంకో చొక్కా తెచ్చి ఇస్త్రీ బల్ల మీద పెడుతూ.

హాయి అన్న మాట వినగానే నాకు చిర్రెత్తుకొచ్చింది. అప్పటికి అది మూడో చొక్కా. మొదటిదానికి బొత్తాం వదులుగా ఉందట, రెండోది ప్యాంటుకి నప్పలేదట. ఒక చెవి పొయ్యి మీద కూర అడుగంటుతోందేమోనని అటు, ఇంకో చెవి స్నానాల గదిలో మా అమ్మాయి నీళ్ళ చప్పుడు ఆగిందా లేదా అని ఇటు. ఇస్త్రీపెట్టెకి మిగిలింది ఒక్క కుడి కన్నే. ఎడమ కన్ను నిద్ర లేచేసరికే నాది కాకుండా పోయింది. దాని వెనకాల ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నారు. ఇంకో గంటకి ఆ నొక్కుడు కణతకి పాకుతుంది, తర్వాత మెడకి, తర్వాత వెలుతురు చూస్తే కడుపులో తిప్పుతుంది. పదిహేడేళ్ళుగా వచ్చే చుట్టం కాబట్టి ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేస్తుందో నాకు బాగా తెలుసు. ఆ చొక్కా కూడా ఇస్త్రీ చేసి, కూర దించి, డబ్బాలు సర్ది, అమ్మాయి జడ అల్లి, అత్తయ్య మాత్రలు గిన్నెలో వేసి, నుదుటికి బామ్ రాసుకుని, ఆ బామ్ మెరుపు కనబడకుండా పైన పౌడరు అద్దుకుని బయల్దేరాను. ఆసుపత్రి మా ఇంటికి పది నిమిషాల నడక. నేను ఆరు నిమిషాల్లో చేరాను, ఆలస్యమైపోయింది కాబట్టి.

నేను చేసే ఉద్యోగం గురించి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ప్లాస్టిక్ సీసాలు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను కరెంటు ప్యానెళ్ళకీ మోటార్లకీ వేడి చూస్తాను. నా దగ్గరుండే కెమెరా వెలుతురుని చూడదు, వేడిని చూస్తుంది. చల్లగా ఉన్నచోటు నీలంగా, వేడిగా ఉన్నచోటు పసుపుగా, బాగా కాగితే తెల్లగా కనిపిస్తుంది. ఎక్కడో ఒక నట్టు వదులైతే, అది కాలి మిషను ఆగిపోకముందే, పైకి ఏమీ తెలియనప్పుడే, నా కెమెరాలో పసుపుగా బయటపడుతుంది. అందుకే ఫ్యాక్టరీలో నన్ను 'జ్వరాల డాక్టరు' అంటారు. కొందరు మర్యాదగా అంటారు, కొందరు నవ్వుతూ అంటారు. ఈ పనిలో మొదటి పాఠం ఒకటుంది. ఏ ప్యానెల్ ఫొటో తీసినా, గడచిన రెండు గంటల్లో దాని మీద ఎంత లోడు పడిందో పక్కన రాయాలి. లోడు తెలియకుండా వేడి చూసి ఏమీ చెప్పలేం. నిండు పనిలో ఉన్న మోటారు వేడెక్కితే అది సహజం. ఊరికే ఉన్న మోటారు అంతే వేడెక్కితే అది జబ్బు. కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా లోడు రాయకుండా ఫొటో తెచ్చి ఇస్తే నేను చూడను కూడా చూడను, వెనక్కి పంపేస్తాను. ఆ విషయంలో నాకు గయ్యాళి అని పేరు.

ఇన్ని మిషన్లకి జ్వరం చూసే నాకు సొంత నొప్పి ఎవరికీ చూపించడం చేతకాలేదు. "తలనొప్పి ఎవరికి రాదు?" అనేది ఇంట్లో అందరూ వాడే మాట. "పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు రాదేం?" అనేది మా ఆయన ప్రత్యేకం. పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడూ వస్తుంది, చెప్పను అంతే. అత్తయ్యది ఇంకో దారి. "పార్శ్వపు నొప్పి నాకూ వచ్చేది. తలకి గుడ్డ బిగించి కట్టుకుని పని చేసుకునేదాన్ని. పడుకోవడం ఎరగను," అంటారావిడ, ఇంకేం మాట్లాడటానికి లేకుండా. ఫ్యాక్టరీలో నొప్పి ముదిరితే స్విచ్ రూములో లైటు ఆపేసి, ప్యానెళ్ళ వెనక నేల మీద కూర్చుంటాను. ఒకసారి మా సెక్షన్ హెడ్ చూశాడు. సెలవు అడిగితే, "ఏదైనా కనిపించే జబ్బయితే రాసి పెట్టేవాణ్ణమ్మా. ఇది మీరు చెప్తే నేను నమ్మాల్సిందేగా," అన్నాడు. నమ్మాల్సిందేగా అని ఎంత బాధగా అన్నాడో, అదేదో ఆయన జేబుకి చిల్లు పడినట్టు. ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది.

కాబట్టి ఆసుపత్రి గోడ మీద ఒక పరిశోధన కాగితం చూసి అక్కడే ఆగిపోయాను. మైగ్రేన్ ఉన్నవాళ్ళ ముఖాన్ని వేడి చూసే కెమెరాతో ఫొటోలు తీసి, నొప్పి ఉన్న రోజుకీ లేని రోజుకీ తేడా ఏమైనా తెలుస్తుందేమో చూస్తారట. నా కెమెరాకి చుట్టమొకటి నా తలకోసం వచ్చిందే అనుకున్నాను. ఆరుసార్లు రావాలి, మూడు నొప్పి ఉన్నప్పుడు, మూడు లేనప్పుడు. క్రీములు రాసుకోకూడదు, వేడి పానీయాలు తాగకూడదు, ముఖం తాకకూడదు, ఫోను వాడకూడదు, ఫొటోకి ముందు పదిహేను నిమిషాలు గదిలో ఊరికే కూర్చోవాలి. అన్నిటికీ తల ఊపి సంతకం పెట్టాను. నాకు కావలసింది ఒకే ఒక్క ఫొటో. ఇదిగో, ఇక్కడ, ఈ కంటిపైన అని వేలు పెట్టి చూపించగల ఫొటో. దాన్ని భోజనాల బల్ల మీద పెట్టాలి, సెక్షన్ హెడ్ బల్ల మీద పెట్టాలి, ఏమీ మాట్లాడకుండా వచ్చేయాలి. పదిహేడేళ్ళకి అంతకంటే పెద్ద కోరిక ఏదీ నాకు మిగల్లేదు.

ఆ రోజు నాలుగోసారి. లోపలికి వెళ్ళేముందు బాత్‌రూములో చన్నీళ్ళతో బామూ పౌడరూ కడిగేసుకుని, తువ్వాలుతో గట్టిగా తుడుచుకున్నాను. నాలుగుసార్లూ అలాగే చేశాను. ఫొటోలు తీసే అమ్మాయి కాగితం ఇచ్చింది. నిద్ర ఎన్ని గంటలు, ఏం తిన్నారు, నొప్పి ఎంత, చివర ఒక ప్రశ్న: రావడానికి ముందు రెండు గంటల్లో ఏం చేశారు? పక్కన ఒక గీత. నేను 'ఏమీ లేదు' అని రాసి ఇచ్చేశాను. తర్వాత చల్లని గదిలో కుర్చీలో కూర్చున్నాను. రెండు నిమిషాలకి ఫోను. నల్ల సాక్సు ఎక్కడున్నాయని మా ఆయన. అది అయ్యాక గ్యాసు కట్టేశావా అని. అది అయ్యాక, గిన్నెలో ఉన్నవాటిలో అత్తయ్య పొద్దున మాత్ర పసుపుదా తెల్లదా అని. ఫోను వాడకూడదన్న నియమం గుర్తుంది. కానీ ఇంటి నుంచి వచ్చే ఫోను కూడా ఫోనే అని నాకు తట్టలేదు. కుడి చెవికి ఆనించుకుని చిన్న గొంతుతో అన్నిటికీ జవాబులు చెప్పాను. పక్క గదిలో ఫొటోల సరంజామా సర్దుకుంటున్న అమ్మాయి ఇవేవీ చూడలేదు.

ఫొటో అయ్యాక డాక్టరుగారు పిలిపించారు. నాకంటే చిన్నవాడు, మాటల్లో తొందర ఎక్కువ, మనసులో చెడు లేదు. తెర మీద నా నాలుగు ముఖాలూ పక్కపక్కన పెట్టి, ఎలా చెప్పాలో తెలియడం లేదని మొదలుపెట్టారు. ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదట. ఒక నొప్పి రోజు ముఖమంతా వేడి, నొప్పి లేని రోజు ముఖమంతా చల్లన, ఇవాళ నొప్పి ఎడమవైపు ఉంటే కుడి బుగ్గ ఒక్కటే మండుతోంది. "మీ ఒక్కరివే కాదండీ, ఆడవాళ్ళవి చాలా వరకు ఇలాగే నిలకడ లేకుండా వస్తున్నాయి. మగవాళ్ళవి కాస్త నయం. నిలకడ లేనివాళ్ళ పేర్లు తీసేసి మిగతావాళ్ళతో ముగించమని పైవాళ్ళు అంటున్నారు," అన్నారు.

నిలకడ లేదనే మాట నాకు కొత్త కాదు. మా ఆయన అంటారు, సెక్షన్ హెడ్ అంటాడు. ఇప్పుడు కెమెరా కూడా అనేసిందన్నమాట. దుఃఖం వచ్చినప్పుడు నా నోరు ఊరుకోదు.

"ఈ జబ్బు ఆడవాళ్ళకే ఎక్కువని మొదటి రోజు మీరే చెప్పారు. ఆడవాళ్ళని తీసేసి ఎవరికోసం చేస్తారు ఈ పరిశోధన?" అన్నాను.

ఆ తెర నావైపు తిప్పమన్నాను. కన్ను పీకుతున్నా సరే, ముఖం నాది అన్న సంగతి మరిచిపోయి, ఏదో ప్యానెల్‌ని చూసినట్టు చూశాను. ఇవాళ్టి ఫొటోలో కుడి బుగ్గ మీద వేడి మచ్చకి అంచులు తిన్నగా ఉన్నాయి. లోపలి నుంచి వచ్చే వేడి మెల్లగా పాకుతుంది, దానికి అంచులుండవు. తిన్నని అంచులున్న వేడి బయటి నుంచి అంటినదే. పొడుగ్గా, అరచేతంత. నా ఫోను. అదే ఫొటోలో ముక్కూ నుదురూ మీద నీలం, చారలు చారలుగా, తువ్వాలు తుడిచిన దారినే. పంపు నీళ్ళు. రెండోసారి వచ్చిన రోజు ముఖమంతా పసుపు, మెడతో సహా. ఆ రోజు అయిదుగురు చుట్టాలకి వంట చేసి, పరుగెత్తుకుంటూ వచ్చి, పదిహేను నిమిషాలు కూర్చోవలసిన చోట అయిదు నిమిషాలు కూర్చున్నాను.

"ఈ ఫొటోల్లో నొప్పి లేదు డాక్టరుగారూ. నా పొద్దున్న ఉంది," అన్నాను.

ఆయన అయోమయంగా నా కాగితాలు తిరగేశారు. నాలుగింటిలోనూ నా చేతిరాతే. ఏమీ లేదు. ఏమీ లేదు. ఏమీ లేదు. ఏమీ లేదు. "కానీ మీరు ఇలా రాశారే," అన్నారు. అది అడగవలసిన ప్రశ్నే. ఆయన కాస్త ఆలోచించి, పేర్లు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టి మిగతా కట్ట తిరగేయడం మొదలుపెట్టారు. ఇంట్లోనే ఉన్నాను. ఏమీ లేదు. ఖాళీ. ప్రత్యేకంగా ఏం లేదు. ఇల్లే. మధ్యలో ఒక్కో కాగితం నిండుగా తగిలేది. అరగంట నడిచాను, పేపరు చదివాను, ఒక అంతస్తు మెట్లెక్కాను, బూట్లు పాలిష్ చేసుకున్నాను. అది ఎవరు రాశారని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే నా కణత చిట్లిపోయేలా ఉంది, అయినా నవ్వాను. కాసేపటికి ఆ నవ్వు ఏడుపయ్యింది. లోడు రాయని ఫొటో ముట్టుకోని మనిషిని నేను. ఎవడో కుర్రాడు ఒక్కసారి మరిచిపోతే నలుగురిలో నిలబెట్టి కడిగేసే మనిషిని. అలాంటి నేను, నా ముఖం దగ్గరికి వచ్చేసరికి, లోడు ఏమీ లేదని నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు సంతకం పెట్టాను. మా ఆయన అననక్కరలేదు, సెక్షన్ హెడ్ అననక్కరలేదు. నాకు నేనే అనేసుకున్నాను.

ముక్కు తుడుచుకుని ఇంకో కాగితం అడిగాను. ఆ పొద్దున్న రెండు గంటలూ రాయడం మొదలుపెడితే గీత చాలలేదు, ఆ పక్క చాలలేదు, కాగితం తిప్పి రాశాను. పొయ్యి దగ్గర యాభై నిమిషాలు. ఇస్త్రీ మూడు చొక్కాలు. వంగి జడ అల్లడం. చన్నీళ్ళు. పరుగు. ఫోను మూడుసార్లు. రాస్తుంటే ఇంకా గుర్తొస్తున్నాయి. డాక్టరుగారు అది రెండువైపులా చదివారు. తర్వాత, పేర్లు తీసేయకుండా ఇంకో రెండు నెలల గడువు అడుగుతానన్నారు. ఆ ఒక్క ప్రశ్నని ఎలా మార్చాలో చెప్పమన్నారు. ఏం చేశారు అని అడిగితే ఎవరూ చెప్పరని చెప్పాను. పొయ్యి దగ్గర ఎంతసేపు నిలబడ్డారు, ఎవరికి అన్నం పెట్టారు, ఏం మోశారు, దేన్ని కడిగారు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి, ఎదురుగా కూర్చుని ఆ ఫొటోలు తీసే అమ్మాయే అడగాలి, ఆమే రాసుకోవాలి. మా ఫ్యాక్టరీలో అలాగే చేస్తాం. మిషను తన లోడు తను చెప్పదు.

ఆయనకి ఇంకో నియమం కూడా తోచింది. వచ్చేముందు రెండు గంటలు పొయ్యి, ఇస్త్రీ, నీళ్ళు, ఏవీ ముట్టుకోకూడదు. "మీవాళ్ళకి చూపించడానికి మందుల చీటీ మీద రాసి ఇవ్వనా?" అన్నారు మంచితనంగానే. చీటీ చూపిస్తే ఇంట్లో పని సులువే. డాక్టరు చెప్పాడంటే ఎదురుండదు. చెయ్యి చాచబోయి ఆగిపోయాను. వద్దండీ, నేనే చెబుతాను అన్నాను.

ఇంట్లో చెప్పాను. ఈసారి నొప్పి వచ్చిన రోజు బయల్దేరేముందు రెండు గంటలు నేను ఏ పనీ చేయను అన్నాను. "ఏమీ చేయకుండా ఎలా ఉంటావు?" అన్నారు మా ఆయన, వెటకారంగా కాదు, నిజంగానే తెలియక. ఆయన నన్ను ఎప్పుడూ అలా చూడలేదు పాపం. అత్తయ్య చేతిలో గిన్నె అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయారు.

పన్నెండు రోజుల తర్వాత, వారం మధ్యలో, అది వచ్చింది. నిద్ర లేచి కన్ను తెరవగానే బొటనవేలు అక్కడే ఉంది. ముందు గదిలో కుర్చీలో కూర్చుని, ఇవాళే ఆ రోజు అని చెప్పి కళ్ళు మూసుకున్నాను. నా చేతులు ఊరుకోవడానికి చాలాసేపు పట్టింది. వంటింట్లో పాలు పొంగిన వాసన. ఏదో గిన్నె జారిన చప్పుడు. ఉప్పు ఎక్కడ అని మా ఆయన గొంతు. నోటిదాకా వచ్చిన జవాబుని మింగేశాను. నిజం చెప్పాలంటే ఆ రెండు గంటల్లో నొప్పి కంటే కష్టమైంది అదే. ఎక్కడుందో తెలిసిన ఉప్పుని చెప్పకుండా ఉండటం. కాసేపటికి దొరికిందిలే అని వినిపించింది. మా అమ్మాయి తన జడ తనే వంకరగా అల్లుకుని వచ్చి, నా ముందు నిలబడి చూపించి, బడికి పోయింది. ఎవరో కిటికీ తెర లాగారు. కళ్ళ మీద చీకటి చల్లగా పడింది. నుదుటి మీద చెయ్యి వేయబోయి, ముఖం తాకకూడదని గుర్తొచ్చి కాబోలు, ఆ చెయ్యి నా భుజం మీద ఆగింది. చేతికి మసాలా వాసన వేస్తోంది.

"నేను పడుకోవడం ఎరగనన్నాను గానీ," అన్నారు అత్తయ్య మెల్లగా, "పడుకోమని అన్నవాళ్ళు కూడా ఎవరూ లేరు."

ఆసుపత్రికి ఆవిడే తోడు వచ్చారు. పది నిమిషాల దారి పావుగంటలో నడిచాం. కొత్త కాగితం పట్టుకుని ఆ అమ్మాయి నా ఎదురుగా కూర్చుంది. పొయ్యి దగ్గర ఎంతసేపక్కా అంది. లేదు అన్నాను. ఇస్త్రీ? లేదు. ఎవరికైనా వడ్డించారా? లేదు. ఫోను? ఇంట్లో వదిలేసి వచ్చాను. ఆ అమ్మాయి కలం ఆపి నా ముఖంలోకి చూసింది, ఈవిడ మళ్ళీ మొదటికొచ్చిందా అన్నట్టు. "నిజంగానే ఏమీ లేదమ్మా. కావాలంటే మా అత్తయ్యని అడుగు," అన్నాను.

పదిహేను నిమిషాలూ పదిహేను నిమిషాలే కూర్చున్నాను. తెర మీద ఈసారి నా ముఖం ప్రశాంతంగా ఉంది. తిన్నని అంచులు లేవు, చారలు లేవు. ఎడమ కనుబొమ్మ పైన ఒక్కచోట, వేడి కాదు, చల్లదనపు నీలం, గుడ్డకి తడి అంటినట్టు మెల్లగా పాకుతూ కణతదాకా. కుడివైపు అది లేదు. ఒక్క ఫొటోతో ఏదీ తేలదని, ఇంకా చాలా చూడాలని డాక్టరుగారు రెండుసార్లు చెప్పారు గానీ, ఆయన కళ్ళు మాత్రం ఆ నీలం మీంచి కదల్లేదు. మీ పేరు ఉంచుతున్నాం అన్నారు. మిగతా ఆడవాళ్ళనీ మళ్ళీ పిలుస్తున్నారట. ఆ ఫొటో ఒకటి అడిగి తీసుకోవాలని నెలల నుంచీ అనుకున్నదాన్ని, అడగడమే మరిచిపోయాను. తర్వాత గుర్తొచ్చినా అడగాలనిపించలేదు.

అత్తయ్య ఆ తెరనే చూస్తూ నిలబడ్డారు. నాకూ ఎప్పుడూ ఎడమవైపే వచ్చేది అన్నారు, ఎవరితోనూ కాకుండా. డాక్టరుగారు చటుక్కున తలెత్తి, ఒకప్పుడు వచ్చి ఇప్పుడు ఆగిపోయినవాళ్ళ ఫొటోలు కూడా తమకి కావాలనీ, మీకు అభ్యంతరం లేకపోతే మీదీ ఒకటి తీస్తామనీ అడిగారు. ఆవిడ సిగ్గుపడి, నా ముఖానికేముంది బాబూ అంటూనే కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ఆ అమ్మాయి ఇంకో కొత్త కాగితం తీసి అలవాటుగా అడిగింది, పొద్దున్నే లేచి ఏమైనా పని చేశారా పెద్దమ్మా అని.

"నాకేం పనమ్మా. ఏమీ లేదు, ఊరికే ఇంట్లోనే ఉన్నాను," అన్నారు అత్తయ్య.

నేను పక్క కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాను. కళ్ళు తెరవకుండానే చెయ్యి చాచి, ఆ అమ్మాయి కలాన్ని పట్టుకుని ఆపాను.

"అది కొట్టెయ్యి. ఇంకో రెండు కాగితాలు తెచ్చుకో, నేను చెబుతాను రాసుకో."